మూడున్నర లక్షలు పెట్టే ముందు పాత కంప్యూటర్‌ను రెండు రోజులు గమనించు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండ హంటర్ రోడ్డులో పెళ్ళి ఫొటోల స్టూడియో, ఆల్బమ్ డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ పని. ఇప్పుడున్నది ఏడో తరం ఐ7, 16 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. బ్యాంకులో మూడున్నర లక్షల లోన్ శాంక్షన్ అయింది. చేతిలో మూడు కొటేషన్లు. ఒకటి ఐ9 14900కేఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4080 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, "పాత స్టాక్ కాబట్టి తగ్గించి ఇస్తాం" అన్నారు. రెండోది 24 కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్ ఉన్నది. మూడోది ఆపిల్ వాళ్ళ మాక్ స్టూడియో. "అన్నా, మూడింట్లో ఏది బెస్ట్? ఇంట్లో మా చిన్నోడు ఏఐ నేర్చుకుంటున్నాడు, వాడికీ పనికి రావాలి" అని అడిగావు.

మూడూ మంచి మిషన్లే. కానీ నువ్వు రాసిన పనికి వాటిలో ఏదీ కొనమని చెప్పలేను. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నేను ఇక్కడే పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. స్టూడియోలు, ఫ్లెక్సీ షాపులు, ప్లాన్లు గీసే సివిల్ ఇంజినీర్లు, నైంనగర్ హాస్టళ్ళలో ఉండే పిల్లలు, అందరికీ చేసిచ్చాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. కంప్యూటర్ నిన్ను ఎక్కడ ఆపుతుందో కనిపెట్టి, డబ్బు అక్కడ పెట్టాలి. ప్రాసెసర్ పేరు చూసి, కార్డు పేరు చూసి కొంటే, నిన్ను ఆపేది అలాగే ఉంటుంది, లోన్ మాత్రం పెరుగుతుంది.

ముందు ఒక పని చెయ్యి. రెండు రోజులు నీ పాత మిషన్ మీదే మామూలుగా పని చేసుకో. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీ తెరిచి పక్కన పెట్టుకో. పని ఆగినప్పుడల్లా, అంటే ఫొటోషాప్‌లో గుండ్రం తిరిగినప్పుడు, టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి వచ్చినప్పుడు, ఎక్స్‌పోర్ట్ పెట్టి టీకి వెళ్ళినప్పుడు, అటు ఒకసారి చూడు. సీపీయూ (ప్రాసెసర్) ఎంత, మెమరీ (ర్యామ్) ఎంత, డిస్క్ ఎంత, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఎంత, నాలుగు అంకెలు కాగితం మీద రాసుకో. ఆ సమయంలో ఏం పని చేస్తున్నావో కూడా పక్కనే రాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. సీపీయూ 13 శాతమే చూపిస్తోంది కదా, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది అనుకోవద్దు. నీ ఐ7కి ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనుల వరుసలు నడపగలదు. ఒక సాఫ్ట్‌వేర్ ఒక్క థ్రెడ్ మీదే పరుగెడుతుంటే అది నిండిపోయినా మొత్తం అంకె పన్నెండు, పదమూడు దగ్గరే ఉంటుంది. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి లాజికల్ ప్రాసెసర్లు చూపించమంటే ఎనిమిది చిన్న గ్రాఫులు వస్తాయి. వాటిలో ఒక్కటే నెత్తిని తాకుతూ మిగతావి కింద పడి ఉంటే, ఆ పనికి 24 కోర్లు కొన్నా లాభం లేదు. ఒక్కో కోర్ వేగంగా ఉండే ప్రాసెసర్ కావాలి. ఆటోకాడ్‌లో ప్లాన్లు గీసేవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. ఫొటోషాప్‌లో కూడా చాలా పనులు ఇలాగే ఉంటాయి.

ఇక నీ ఆల్బమ్ పని సంగతి. 12 బై 36 షీట్, 300 డీపీఐ అనుకుందాం. అంటే 3600 బై 10800 పిక్సెల్స్, మొత్తం దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు, కాబట్టి షీట్ నిండా ఉన్న ఒక్క లేయర్‌కు సుమారు 117 ఎంబీ. 16 బిట్‌లో చేస్తే దానికి రెట్టింపు. బ్యాక్‌గ్రౌండ్, పూల డిజైన్, అయిదారు ఫొటోలు, వాటి నీడలు, పైన అక్షరాలు, అన్నీ కలిస్తే ఒక్క షీటే జీబీ దాటుతుంది. వెనక్కి వెళ్ళడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దీనికి అదనం. నాలుగు షీట్లు తెరిచి, పక్కన లైట్‌రూమ్ పెట్టి, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ ఉంచావంటే నీ 16 జీబీ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. అప్పుడు ఫొటోషాప్ ర్యామ్‌లో పట్టనిదాన్ని స్క్రాచ్ డిస్క్ మీద, అంటే తాత్కాలికంగా వాడుకునే డిస్క్ మీద, రాయడం మొదలుపెడుతుంది. ఆ స్క్రాచ్ నీ పాత హార్డ్ డిస్క్ మీద ఉంది. నీ ఆల్బమ్ పని ఆగుతున్నది అక్కడేనని నా గట్టి నమ్మకం, నీ అంకెలు వచ్చాక తేలిపోతుంది. దానికి మందు 64 జీబీ ర్యామ్, ఒక మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కంటే ఎన్నో రెట్లు వేగంగా ఉండే డ్రైవ్. ఐ9 దానికి మందు కాదు.

వీడియో విషయం ఇంతకంటే ముఖ్యం. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

2023 వైశాఖంలో పరకాల నుంచి ఒక స్టూడియో ఆయన వచ్చాడు. వరుసగా ముహూర్తాలున్నాయి, డెలివరీలు ఆగిపోయాయి, వేగంగా ఉండేది కావాలన్నాడు. ఐ7 13700ఎఫ్, ఆర్‌టీఎక్స్ 4070 టీఐ వేసి ఇచ్చాను. ఎఫ్ ఉన్న ప్రాసెసర్ అయితే కాస్త డబ్బు మిగులుతుంది, కార్డు ఎలాగూ ఉంది కదా అనుకున్నాను. నాలుగు రోజులకు రాత్రి తొమ్మిదిన్నరకు మిషన్ ఆటోలో పెట్టుకుని మా షాపు ముందు దిగాడు. మనిషి ముఖంలో నిద్ర లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ తెరిచి చూపించాడు. మంగళసూత్రం కట్టే షాట్, టైమ్‌లైన్ మీద ప్లే కొడితే చేతులు ఒకచోట, ఒక క్షణం ఆగి మరోచోట. టాస్క్ మేనేజర్ చూస్తే సీపీయూ 100, జీపీయూ 4. అంత ఖరీదైన కార్డు ఊరికే కూర్చుని ఉంది.

కారణం కెమెరాలో ఉంది. ఆయన కెనాన్ ఆర్6లో లాగ్ పెట్టి, అంటే తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలయ్యే సెట్టింగ్‌లో తీస్తున్నాడు. అలా తీస్తే ఫైల్ హెచ్.265, 10 బిట్, 4:2:2 వస్తుంది. హెచ్.265 అనేది కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి. 4:2:2 అనేది రంగుల వివరం ఎంత ఉంచాలో చెప్పే అంకె, 4:2:0లో ఆ వివరం తక్కువ. ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డుల్లో ఉన్న డీకోడర్‌కు, అంటే కుదించిన వీడియోను విప్పే భాగానికి, 4:2:2ని విప్పడం చేతకాదు. ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ ఆ ఫైల్‌ను సునాయాసంగా విప్పుతుంది. కానీ ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి క్విక్ సింకూ ఉండదు. కొద్ది డబ్బు మిగిల్చానని నేను తీసేసింది ఆయనకు అన్నింటికంటే ఎక్కువ కావలసిన భాగాన్ని. మర్నాడు నా ఖర్చుతో ఎఫ్ లేని 13700 తెప్పించి వేశాను. అదే షాట్, అదే కార్డు, ఆగకుండా నడిచింది.

నీ మొదటి కొటేషన్‌లో ప్రాసెసర్ పేరు చివర కేఎఫ్ ఉంది. కార్డు 40 సిరీస్. అర్థమైంది కదా.

అందుకే ఈరోజే మీ కెమెరాల ఫైళ్ళు ఒక్కోటి తీసి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరువు. కోడెక్ హెచ్.264నా హెచ్.265నా, బిట్ డెప్త్ 8 నా 10 నా, క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:0నా 4:2:2నా, ఈ మూడూ రాసుకో. 8 బిట్ 4:2:0 అయితే దాదాపు ఏ కార్డయినా లాగేస్తుంది, నువ్వు ఇంత ఖర్చు పెట్టనే అక్కర్లేదు. హెచ్.265లో 10 బిట్ 4:2:2 అయితే క్విక్ సింక్ ఉన్న 11వ తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ గానీ, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గానీ ఉండాలి. హెచ్.264లోనే 10 బిట్ 4:2:2 తీసే కెమెరాలూ ఉన్నాయి, సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే సెట్టింగ్‌లో అలా తీయవచ్చు. దాన్ని ఇంటెల్ 12, 13, 14 తరాల క్విక్ సింక్ కూడా విప్పలేదు, 50 సిరీస్ విప్పుతుంది. సాఫ్ట్‌వేర్ కూడా ఆ సౌకర్యాన్ని వాడుకునే వెర్షన్ అయి ఉండాలి, అది మర్చిపోకు.

పైసా ఖర్చు లేని దారి కూడా ఉంది. కొన్ని కెమెరాల్లో హెచ్.265, 4:2:0 పెట్టుకోవచ్చు. పెళ్ళి వీడియోలో చూసేవాళ్ళకు తేడా కనపడదు, గ్రీన్ మ్యాట్ పనులు చేసేవాళ్ళకే 4:2:2 నిజంగా అవసరం. లేదంటే ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్ళకు చిన్న సైజు నకళ్ళు, చేసుకుని ఎడిట్ చేయవచ్చు. రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకుంటే పొద్దున పాత మిషన్ మీద కూడా ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది. కొత్తది వచ్చేవరకు ఇలా నెట్టుకురా, ఒత్తిడి తగ్గుతుంది.

నువ్వు ఎడియస్ వాడుతున్నానన్నావు. మన దగ్గర పెళ్ళి ఎడిటింగ్‌లో ఎక్కువ మంది అదే వాడతారు. ఎడియస్ ఏళ్ళ తరబడి క్విక్ సింక్‌ను బాగా వాడుకుంటూ వచ్చిన సాఫ్ట్‌వేర్, కాబట్టి నీకు లోపలి గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ప్రాసెసరే మేలు. ఎడియస్ మాక్‌లో నడవదు. ఆల్బమ్ మీద పేర్లకు, శుభలేఖలకు అను ఫాంట్లు వాడతావు కదా, అను స్క్రిప్ట్ మేనేజర్ కూడా విండోస్‌దే. మాక్ స్టూడియో చాలా మంచి మిషన్, చప్పుడు చేయదు, కరెంటు తక్కువ తింటుంది, ఫైనల్ కట్ లేదా డావించీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసేవాళ్ళకు నేనే సిఫార్సు చేస్తాను. కానీ నువ్వు, నీ దగ్గర ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు ముహూర్తాల మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చి నేర్చుకోవాలి. పైగా దాని ర్యామ్ బోర్డుకే ఉంటుంది, తర్వాత పెంచలేం.

థ్రెడ్‌రిప్పర్ గురించి ఎక్కువ రాయను. త్రీడీ రెండరింగ్, సిమ్యులేషన్లు రోజంతా నడిపేవాళ్ళకు, నాలుగైదు కార్డులు ఒకే బోర్డు మీద పెట్టేవాళ్ళకు అది. ఒక్క ప్రాసెసరే 350 వాట్లు. దానికి వేరే రకం ర్యామ్, రిజిస్టర్డ్ డీడీఆర్5 కావాలి, బోర్డు ఖరీదు వేరు. నీ డబ్బంతా అక్కడే అయిపోతుంది, మంచి మానిటర్‌కు కూడా మిగలదు.

చిన్నోడి ఏఐ సంగతి. వాడికి ముఖ్యం కార్డులో ఉండే మెమరీ. 700 కోట్ల పారామీటర్లు (మోడల్ లోపల నేర్చుకున్న అంకెలు) ఉన్న మోడల్‌ను 16 బిట్‌లో పెడితే దానికే 14 జీబీ కావాలి, 4 బిట్‌కు కుదిస్తే నాలుగు జీబీల దగ్గర సర్దుకుంటుంది. అంటే 16 జీబీ కార్డు ఉంటే వాడు నేర్చుకునే దశకు ధారాళంగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలుగా వస్తుంది. బిల్లు మీద 16 అని ఉందో లేదో చూసుకో. అంతకంటే పెద్ద మోడల్స్ ట్రైనింగ్ కోసం 32 జీబీ ఉన్న 5090 కొనాలని వాడు అడుగుతాడు, ఆ కార్డు ఒక్కటే 575 వాట్లు. గూగుల్ కోల్యాబ్‌లో, కాగిల్‌లో పిల్లలు నేర్చుకోవడానికి కొన్ని గంటల జీపీయూ ఉచితంగా ఇస్తారు. ముందు ఆ గంటలు సరిపోవడం లేదు అనే దాకా రానివ్వు. స్టూడియో లోన్‌తో వాడి కోరిక మొత్తం తీర్చవద్దు.

మొదటి కొటేషన్ గురించి ఇంకో మాట. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్నింటిలో వోల్టేజీ ఎక్కువై మిషన్లు క్రాష్ అయ్యే సమస్య వచ్చింది. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్‌కు, అంటే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కు, మార్పు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ మార్పు ఉన్న కొత్త బయోస్ (మదర్‌బోర్డు లోపలి ప్రోగ్రామ్) వేసుకుంటే వాడుకోవచ్చు, కానీ పాత స్టాక్ బోర్డులో ఆ బయోస్ ఉందో లేదో మొదటి రోజే చూడాలి. కొత్తగా కొనేవాడికి ఆ తలనొప్పి ఎందుకు?

నీ స్థానంలో నేనుంటే కోర్ అల్ట్రా 7 265కే తీసుకుంటాను, చివర ఎఫ్ లేనిది. 20 కోర్లు, లోపలి గ్రాఫిక్స్ ఉంటుంది. దానికి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ చాలు. డావించీలో కలర్ గ్రేడింగ్, నాయిస్ తగ్గించడం ఎక్కువ చేస్తున్నట్టు నీ కాగితం చూపిస్తే, అంటే జీపీయూ అంకె పైకి పోతుంటే, అప్పుడు 5070 టీఐకి వెళ్ళు. ర్యామ్ రెండు 32 జీబీ స్టిక్కులే వేయించు. "ఇప్పుడు రెండు 16 వేసుకో, తర్వాత ఇంకో రెండు పెట్టుకుందాం" అంటారు. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే వేగం తగ్గించాల్సి వస్తుంది, కొన్నిసార్లు మిషన్ స్థిరంగా నిలబడదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, బాధే, అయినా నీ పనికి ఇక్కడ తగ్గకూడదు. తగ్గించాలనుకుంటే కార్డు తగ్గించు. విండోస్‌కు, సాఫ్ట్‌వేర్లకు 1 టీబీ ఎన్‌వీఎంఈ, నడుస్తున్న పెళ్ళిళ్ళకు వేరే 2 టీబీ ఎన్‌వీఎంఈ.

ఈ పద్ధతిలో మూడున్నర లక్షలు మొత్తం అవసరం పడదు. మిగిలింది మానిటర్ మీద, యూపీఎస్ మీద, బ్యాకప్ మీద పెట్టు. స్టూడియోల వాళ్ళు వీటిని చివరికి వదిలేస్తారు, నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది. పెళ్ళికూతురి పట్టుచీర కుంకుమ రంగు, ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చేసరికి ఇటుక రంగు. ల్యాబ్‌తో గొడవ పడతారు. చాలాసార్లు తప్పు మన మానిటర్‌దే. ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిని నూటికి నూరు శాతం చూపించే ఐపీఎస్ రకం ప్యానెల్ తీసుకుని, రంగులు కొలిచే క్యాలిబ్రేటర్ పరికరంతో రంగులు సరిచేయించుకో. క్యాలిబ్రేటర్ ఇద్దరు ముగ్గురు స్టూడియోల వాళ్ళు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది.

యూపీఎస్ గురించి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకానే. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోతే కొత్త మిషన్ దానిమీద క్షణం కూడా నిలవకపోవచ్చు. 1500 వీఏ, ప్యూర్ సైన్ వేవ్, అంటే లైన్ కరెంటు లాంటి అల ఇచ్చేది తీసుకో. ఇప్పటి మంచి పవర్ సప్లైలకు సైన్ వేవ్ ఉంటేనే సుఖం. పవర్ సప్లై 750 వాట్లు, 80 ప్లస్ గోల్డ్ అనే సామర్థ్య ముద్ర ఉన్నది, దీంట్లో బేరం వద్దు.

మన ఎండలు నీకు చెప్పక్కర్లేదు. మే నెలలో రామగుండం, వరంగల్ 43, 44 తాకుతాయి, సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్ అదే. గది 38 డిగ్రీలుంటే ఎంత ఖరీదైన కూలర్ అయినా ఆ గాలినే లోపలికి పంపాలి. ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, నువ్వు కొన్న ఐ9 ఐ5 అయిపోతుంది. వాట్లు తక్కువ తినే మిషన్ మన ఊళ్ళో వేగంగా కూడా ఉంటుందని నేను ఎప్పుడూ చెబుతాను. ముందు భాగం జాలీ ఉన్న క్యాబినెట్, ఊడదీసి కడిగే ఫిల్టర్ ఉండాలి. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక డీటీపీ షాపు మిషన్ తెరిస్తే, ఫ్యాన్ రెక్కల మీద దూది పీచు ఒక తెరలా పట్టి ఉంది. లోపల మిర్చి ఘాటు, నేనూ మా అబ్బాయీ తుమ్ముతూ శుభ్రం చేశాం. హంటర్ రోడ్డులో అంత ఉండదు, అయినా నెలకోసారి ఫిల్టర్ కడగాలి.

బ్యాకప్ లెక్క చెబుతాను. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు నాలుగేసి గంటలు తీస్తే 540 జీబీ. హార్డ్ డిస్క్ సెకనుకు 150 ఎంబీ రాసినా ఒక్క కాపీకే గంట. ప్రతి పెళ్ళికీ రెండు కాపీలు వేర్వేరు డిస్కుల మీద, మూడోది ఇంట్లో ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ తీయలేం కదా.

కొనడం ఎక్కడ అంటావా, కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ తిరిగి రాత్రికి ఇంటికి రావచ్చు. ధరలు కనుక్కో, కానీ ఊళ్ళో వాళ్ళతో తేడా నాలుగైదు వేలే అయితే ఊళ్ళోనే తీసుకో. సీజన్ మధ్యలో బోర్డు పోతే పక్క వీధిలో మనిషి ఉండటం చాలా పెద్ద ధైర్యం. ప్రతి పార్టు సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు రాయించుకో. నీకు రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుందేమో మీ అకౌంటెంట్‌ను అడుగు.

పాత మిషన్ అమ్మవద్దు, ఎవరూ మంచి ధర ఇవ్వరు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఏడో తరం ఐ7కి విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే దానికి నెట్ తీసేసి, రెండు కొత్త హార్డ్ డిస్కులు వేసి, కెమెరా మెమరీ కార్డులు కాపీ చేసే మిషన్‌గా మూలన పెట్టు. పెళ్ళి నుంచి అర్ధరాత్రి వచ్చిన కుర్రాడు కార్డులు దాంట్లో పెట్టి కాపీ కొట్టి పడుకుంటాడు. పొద్దున నువ్వు షట్టర్ తీసేసరికి రెండు కాపీలూ సిద్ధంగా ఉంటాయి, కొత్త మిషన్ మీద నేరుగా ఎడిటింగ్‌కు కూర్చోవచ్చు. రెండు రోజుల అంకెల కాగితం, మీడియాఇన్ఫోలో వచ్చిన మూడు వివరాలు నాకు పంపు. చూసి ఏ గ్రాఫిక్స్ కార్డు వేయాలో చెబుతాను, అప్పుడు అడ్వాన్స్ ఇద్దువు గానీ.